ఎడింబరో నగరమున నొక దినము: పటమును, పేరును

దేశాటనము విద్యాభ్యాసమున నొక భాగమని పెద్దలు చెప్పుదురు. అయితే ఊరక తిరిగి వచ్చుట దేశాటనము కాదు. చూచినదానిని తెలిసికొనవలెను, తెలిసికొన్నదానిని జ్ఞాపకముంచుకొనవలెను, జ్ఞాపకమున్నదానిని ఇంటనున్నవారికి చెప్పగలుగవలెను. ఈ మూడు పనులకును కెమెరా మిక్కిలి సహాయము చేయును. సరిగా వాడనియెడల ఈ మూటికిని అదియే అడ్డు వచ్చును. కన్ను చూడవలసినదానిని యంత్రమునకు అప్పగించి, తరువాత చూచుకొందమని ముందునకు సాగిపోవువారు ఏ నగరమందైనను వందలకొలది కనబడుదురు. కావున విదేశమున నొక దినమును, ఒక కెమెరాను ఎట్లు వినియోగించుకొనవచ్చునో మేము నేర్చుకొన్నంతవఱకు మన విద్యార్థులకు తెలుపదలచితిమి.

2024వ సంవత్సరము జూన్ నెలలో మేము నలుగురు విద్యార్థులము స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో నొక బుధవారము గడపితిమి. ఈ నగరమును ఎన్నుకొనుటకు కారణము కలదు. ఛాయాగ్రహణవిద్య పుట్టిన కొలదికాలమునకే దానిని కళగా పెంచినవారిలో ఇరువురు ఇచట పనిచేసిరి. ఒకరు చిత్రకారుడగు డేవిడ్ ఆక్టేవియస్ హిల్ (1802–1870). రెండవవారు రాబర్ట్ ఆడమ్సన్ (1821–1848). వారు నిలిచి పటములు తీసిన స్థలములు పెక్కు నేటికిని ఉన్నవి. వారి పటములును అదే నగరమున చూడవచ్చును. పాఠ్యపుస్తకమును, పాఠమందలి వస్తువులను ఒకేచోట చూచుట యెట్లో ఇదియు నట్లే.

బయలుదేరుటకు ముందు మేము మూడు కట్టుబాట్లు చేసికొంటిమి. మొదటిది: నలుగురికిని కలిపి ఒక్క కెమెరా, దినమంతయు ముప్పదియారు పటములకు మించి తీయరాదు. పూర్వము ఒక ఫిల్ము చుట్టలో అన్నియే వచ్చెడివి. రెండవది: ప్రతి పటమునకును చిన్న పుస్తకములో గంట, స్థలము, కెమెరా తిరిగిన దిక్కు, తీసిన కారణము వ్రాయవలెను. మూడవది: మనుష్యుని ముఖము స్పష్టముగా తెలియునట్లు తీయవలసివచ్చినయెడల ముందుగా అనుమతి యడిగి, తరువాత పేరు వ్రాసికొనవలెను. మొదటి రెండు కట్టుబాట్లును సులభమని తోచినవి. మూడవదాని విలువ సాయంకాలమున గాని మాకు తెలియలేదు.

ఛాయాపటమనగా వెలుతురుతో గీసిన బొమ్మయే. కావున వెలుతురును గూర్చి కొంచెము చెప్పవలెను. ఎడింబరో భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 56 డిగ్రీల దూరమున నున్నది. మన రాజమహేంద్రవరము సుమారు 17 డిగ్రీల దూరముననే కలదు. జూన్ నెలలో మధ్యాహ్నవేళ మన ఊళ్లలో సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును. మనుష్యుని నీడ పాదముల చెంతనే ముడుచుకొనును. ఎడింబరోలో సంవత్సరములోకెల్ల పొడవైన దినమున సయితము సూర్యుడు 57 డిగ్రీల యెత్తునకు మించి స్వల్పముగా మాత్రమే పోవును. అప్పుడు గూడ మనుష్యుని నీడ అతని యెత్తులో సగమునకు మించి యుండును. డిసెంబరు నెలలోనైతే ఆ నీడ అతని యెత్తునకు అయిదురెట్లు దాటును. ఇట్లు వెలుతురు ప్రక్కనుండి పడుటచే రాతిమీది చెక్కడములును, ముఖములమీది ముడుతలును చక్కగా కనబడును. ఇచట జూన్ మాసపు పగలు పదునేడు గంటలకు మించి యుండును గనుక తొందరపడవలసిన పనియు లేదు.

ఉదయము ఆరు గంటలకు మేము కోట ముంగిటికి పోయితిమి. కోటయున్న బండ సుమారు 34 కోట్ల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతపు గొంతులో గడ్డకట్టిన శిల. అచటినుండి తూర్పుగా హోలీరూడ్ రాజభవనమువఱకు దిగివచ్చు వీథిని రాయల్ మైలు అందురు. సూర్యుడు ఈశాన్యమున నుండుటచే, కోటవైపు తిరిగి చూచినప్పుడు రాళ్లు ఎఱ్ఱగా వెలుగుచుండెను. వెనుకకు తిరిగి చూచినప్పుడు సెయింట్ జైల్సు దేవాలయపు కిరీటమువంటి శిఖరము నల్లని నీడవలె నిలిచి యుండెను. ఒకే చోట నిలిచి రెండు పటములు తీసితిమి. వెలుతురు మన వెనుకనున్న నొక రీతి, ఎదుటనున్న వేఱొక రీతి అను పాఠము ఆ రెండు పటములలోనే కలదు. కోటలోనికి మేము పోలేదు. ఒక్క దినమున అన్నియు చూడగోరుట దేనిని చూడకుండుటతో సమానము.

పిమ్మట గ్రేఫ్రయర్సు దేవాలయపు సమాధితోటకు పోయితిమి. 1638లో స్కాట్లండు ప్రజలు తమ మతస్వాతంత్ర్యమునకై నిబంధన పత్రముమీద చేవ్రాళ్లు చేయుట ఆరంభించిన స్థలమిది. చెక్కిన సమాధుల మధ్య మనుష్యులను కూర్చుండబెట్టి హిల్, ఆడమ్సన్ గార్లు ఇచట పెక్కు పటములు తీసిరి. తోటకు వెలుపల వీథి మూలను బాబీ యను చిన్న కుక్క విగ్రహము కలదు. 1858లో యజమానుడు చనిపోగా ఆ కుక్క 1872లో తాను చచ్చువఱకు అతని సమాధిని విడువలేదని చెప్పుదురు. 1873లో నిలిపిన ఈ విగ్రహపు ముక్కును తాకిన శుభమను మాట ఇటీవలి కాలమున యాత్రికులలో పుట్టినది. పూర్వాచారమేమియు కాదు. తాకినవారి చేతుల రాపిడిచే ముక్కుమీది నల్లని పూత అరిగి లోని లోహము మెఱయుచున్నది. చూడవచ్చినవారే చూడదగినదానిని అరగదీయుచున్నారు. మేము తాకక, ఆ ముక్కును మాత్రము దగ్గఱగా పటము తీసి, పుస్తకములో కారణము వ్రాసికొంటిమి.

తొమ్మిది గంటలకు ప్రిన్సెస్ వీథికి వచ్చితిమి. ఇచట సర్ వాల్టర్ స్కాట్ అను ప్రఖ్యాత గ్రంథకర్త జ్ఞాపకార్థము కట్టిన గోపురమువంటి కట్టడము 61 మీటర్ల యెత్తున్నది. దాని నమూనా గీసిన జార్జి మీకిల్ కెంప్ వడ్రంగము నేర్చినవాడు; వాస్తుశాస్త్రమును తనంతట తానే నేర్చుకొనెను. 1840లో శంకుస్థాపనము జరిగెను. 1844లో పని పూర్తికాకమునుపే ఆయన కాలువలో పడి మరణించెను. తుదిరాతిని ఆయన కుమారుడు నిలిపెను. 1846లో ప్రారంభోత్సవము జరిగినది. గోపురము సగము లేచియుండగా హిల్, ఆడమ్సన్ గార్లు దానిని పటము తీసిరి. అచట రాళ్లు చెక్కుచున్న పనివారిని గూడ తీసిరి. స్కాట్ గారి పేరు లోకమెల్ల నెఱుగును. కెంప్ గారి పేరు చరిత్రలో నిలిచినది. ఆ శిల్పుల ముఖములు మాత్రము మిగిలినవి, పేర్లు మిగులలేదు. ఈ సంగతిని మేము అప్పుడు పుస్తకములో ఒక పంక్తిగా వ్రాసి ముందునకు నడచితిమి.

ఆ వీథి తూర్పు కొనను కాల్టన్ కొండ కలదు. కొండమీద పండ్రెండు స్తంభములు నిలిచియున్నవి. నెపోలియనుతో జరిగిన యుద్ధములలో మడిసినవారి జ్ఞాపకార్థము ఏథెన్సులోని పార్థినాను ఆలయమువంటి దానిని కట్టనెంచి 1826లో ఆరంభించి, ధనము చాలక 1829లో నిలిపివేసిరి. కొండ ప్రక్కను రాక్ హౌస్ అను ఇల్లున్నది. 1843లో ఆడమ్సన్ తన ఛాయాగ్రహణశాలను పెట్టినది ఇచటనే. అది స్వంత గృహమగుటచే మేము వెలుపలినుండియే చూచితిమి.

హిల్, ఆడమ్సన్ గార్లు కలిసికొనుటకు కారణమైన సంగతి మిషను పాఠశాల విద్యార్థులు తెలిసికొనదగినది. ఆ కాలమున స్కాట్లండు సంఘములలో పాదిరిని నియమించు హక్కు పెక్కుచోట్ల భూస్వాములదై యుండెను. సంఘస్థుల యిష్టము లేక పాదిరిని నియమింపరాదని వాదించినవారు 1843 మే 18వ తేదీన జార్జి వీథిలోని సెయింట్ ఆండ్రూ దేవాలయమునుండి లేచి వెలుపలికి నడచిపోయి ఫ్రీ చర్చిని స్థాపించిరి. 450కి మించిన పాదిరులు తమ జీతములను, కాపురమున్న యిండ్లను విడిచిరి. ఇండియాలోని స్కాట్లండు మిషనరీలును వారి పక్షముననే చేరిరి. తెలుగువారెందఱో చదివిన మద్రాసు క్రైస్తవ కళాశాలకు మూలమైన పాఠశాలను 1837లో స్థాపించిన జాన్ ఆండర్సన్ వారిలో నొకరు.

ఈ ఘట్టమును పెద్ద చిత్రముగా వ్రాయవలెనని హిల్ సంకల్పించెను. వందలకొలది ముఖములను చేతితో గీయుటకు ఎంత కాలము పట్టును? పాదిరులు తమ ఊళ్లకు పోవుచుండిరి. అప్పుడు భౌతికశాస్త్రజ్ఞుడగు సర్ డేవిడ్ బ్రూస్టర్, ముఖములను ఛాయాపటములుగా తీసికొని వానిని చూచి చిత్రమును వ్రాయుమని సలహా చెప్పి, హిల్‌ను ఆడమ్సన్ వద్దకు పంపెను. వారు వాడిన విధానము పేరు కాలోటైపు. మంచి వ్రాతకాగితమునకు వెండి లవణములు పూసి, కెమెరాలో నుంచి వెలుతురు సోకనిచ్చి, మందునీళ్లలో తడిపిన నల్లతెల్లలు తాఱుమాఱైన పటము వచ్చును. దానిని వేఱొక పూతకాగితముపై నుంచి యెండలో పెట్టిన సరియైన పటమగును. ఈ విధానమును కనిపెట్టిన ఇంగ్లీషువాడగు టాల్బట్ 1841లో పొందిన పేటెంటు హక్కు స్కాట్లండులో చెల్లదు. కావున ఇచట ఎవరైనను ఆ పని చేయవచ్చెను.

అప్పటి పటమునకు ఎండలో సయితము ఒకటి రెండు నిమిషములు పట్టుచుండెను. అంతసేపు కదలకుండుటకు తల వెనుక ఆనుడు పెట్టెడివారు. గదిలో వెలుతురు చాలదు గనుక కుర్చీలు, బల్లలు, తెరలు ఆరుబయటికి తెచ్చి అదియే గదివలె తోచునట్లు అమర్చెడివారు. నాలుగున్నర సంవత్సరములలో వారిరువురును సుమారు మూడువేల పటములు తీసిరి. లెక్కించి చూచిన దినమునకు రెండైనను పూర్తిగా రావు. నేడొక యాత్రికుడు ఒక్క గంటలో తీయు పటములు వారికి నెలలపని యగును. ఆడమ్సన్ 1848 జనవరిలో, ఇరువదియాఱేండ్ల ప్రాయముననే చనిపోయెను. హిల్ తన చిత్రమును 1866లో గాని ముగింపలేదు. అందు తనను, కెమెరాతో నున్న ఆడమ్సన్‌ను గూడ చేర్చెను.

ఒంటిగంట సమీపించగా మేము కొండమీదనే నిలిచితిమి. కోటనుండి ప్రతిదినమును ఒంటిగంటకు ఫిరంగి పేల్చుదురు. ఆదివారమును, శుభ శుక్రవారమును, క్రిస్మసు దినమును మాత్రము పేల్చరు. పూర్వము లీత్ రేవులోని ఓడలవారు తమ గడియారములు సరిచేసికొనుటకై ఈ కొండమీది నెల్సన్ స్తంభముపై ఒక గోళమును ఒంటిగంటకు క్రిందికి జాఱవిడుచు ఏర్పాటు 1852లో చేసిరి. మంచు కమ్మినపుడు గోళము కనబడదు గనుక 1861నుండి ఫిరంగియు వచ్చెను. కోటకును మేము నిలిచిన చోటికిని దూరము సుమారు ఒకటింబాతిక కిలోమీటరు. ధ్వని సెకండునకు 340 మీటర్ల చొప్పున వచ్చును. పొగ కనబడగనే లెక్కింప మొదలిడితిమి. మూడు దాటి, నాలుగు చెప్పబోవు లోపల ధ్వని వినబడెను. కనబడినదే సర్వమును కాదని ఆ మూడున్నర సెకండ్లు మాకు బోధించినవి. పటములో పొగ యున్నది, ధ్వని లేదు. దానిని పుస్తకములో వ్రాసికొనవలసివచ్చెను.

మధ్యాహ్నము క్వీన్ వీథిలోని జాతీయ ముఖచిత్రశాలకు పోయితిమి. ఎఱ్ఱరాతితో కట్టిన ఈ భవనము 1889లో తెఱవబడినది; ప్రవేశమునకు రుసుము లేదు. పాత కాగితపు పటములు వెలుతురునకు చెడును గనుక కొన్నిటినే బయట నుంచుదురు. అట్లుంచినవానిని, చిత్రశాలవారు అంతర్జాలమున ప్రకటించినవానిని కలిపి చూచితిమి. పాదిరుల పటముల క్రింద పేర్లు కలవు. ప్రతివారును ఒక మహాచిత్రములో తన స్థానము నెఱిగినవారే. న్యూహేవెన్ రేవునందలి బెస్తవారి పటములు గూడ హిల్, ఆడమ్సన్ గార్లు 1843 మొదలు కొన్ని సంవత్సరములు తీసిరి. శ్రమజీవుల జీవనమును ఛాయాపటములలో నుంచిన తొలి ప్రయత్నములలో నిదియొకటి. వీపున గంపలు, చారల పావడలు, తెల్లని టోపీలు గల ఆ స్త్రీలలో కొందఱి పేర్లు తెలియును. తక్కినవారి పటముల క్రింద "న్యూహేవెన్ చేపలమ్ము స్త్రీ" యని మాత్రమే యున్నది. ఉదయము శిల్పులను గూర్చి వ్రాసికొన్న పంక్తిని మాలో నొకరు తీసి చదివిరి. కొంతసేపు ఎవ్వరమును మాటాడలేదు.

ఆ రేవును చూడవలెనని అప్పుడే నిశ్చయించుకొంటిమి. దారిలో 1843లో పాదిరులు విడిచి నడచిన దేవాలయమును చూచి, సెయింట్ ఆండ్రూ చౌకునొద్ద ట్రామెక్కితిమి. ఈ ట్రాముదారి 2023లో న్యూహేవెన్ వఱకు పొడిగింపబడినది. 1511లో నీటికి దింపిన గ్రేట్ మైకేల్ అను మహానౌకను కట్టుటకై నాలుగవ జేమ్సు రాజు ఏర్పఱచిన రేవిది. పూర్వము ఇచటి స్త్రీలు చేపలగంప వీపునకెత్తి, దాని పట్టెను నుదుటికి తగిలించుకొని, కొండలెక్కి నగరమునకు నడచి ఇంటింట నమ్మెడివారు. భీమునిపట్నమందును, మచిలీపట్నమందును తట్ట తలకెత్తుకొని వీథులవెంట తిరుగు మన బెస్త స్త్రీలను చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఇచట ఆ వృత్తి ఇరువదవ శతాబ్దముననే ముగిసినది. రేవులో కొన్ని చిన్న పడవలును, గట్టున పాత చేపలసంత భవనమును మిగిలినవి.

రేవుగట్టున నొక వృద్ధురాలు కూర్చుండి యుండెను. మేము నమస్కరించి, సముద్రము వెనుకనుండ తమ పటము తీసికొనవచ్చునా యని యడిగితిమి. ఆమె మా పుస్తకమును చూచి, అది యేమని విచారించి, ఇట్లనెను: "తీసికొనుడు. కాని క్రింద నా పేరు వ్రాయుడు. మా నాయనమ్మ గంప మోసినది. ఆమె పటము మా యింట నున్నది. ఆమె ప్రక్కన నిలిచిన ముగ్గురు స్త్రీలెవరో చెప్పగలవారు ఇప్పుడు ఒక్కరును లేరు." మేము ఆమె చెప్పినట్లు అక్షరమక్షరము వ్రాసి, ఆమెకు చూపి, సరియని చెప్పిన తరువాతనే పటము తీసితిమి. అది ఆ దినపు ముప్పదియొకటవ పటము. అటుపిమ్మట వేఱొకటి తీయవలెనని మాకు తోచలేదు. ఆమె పేరు మా పుస్తకములో కలదు. పత్రికలో ప్రకటించుటకు అనుమతి యడుగలేదు గావున ఇచట వ్రాయము.

చదువరులారా, ఇది ఎడింబరోకు మాత్రము సంబంధించిన సంగతి కాదు. మన యిండ్లలో గోడలకు వ్రేలాడు పాత పటములను చూడుడు. పెండ్లిపటములో పెద్దలమధ్య నిలుచున్న ఆ బాలుడెవరు? నాయనమ్మ ప్రక్కన కూర్చున్న ఆమె ఎవరు? పాఠశాలలలో తరగతివారీగా తీయించిన పటములలో ఉపాధ్యాయుల పేర్లు ఉండును. వెనుక వరుసలోని పిల్లల పేర్లును, చివర నిలిచిన జవాను పేరును ఉండుట అరుదు. చెప్పగల వృద్ధులు ఇంకను మనలో నున్నారు. వారు పోయిన పిమ్మట ఆ ముఖములు మనవై యుండియు పరాయివగును.

కావున యాత్రకు పోవు విద్యార్థులు ఈ కొలది సంగతులు పాటింతురుగాక. పోవు స్థలమును గూర్చి ముందుగా చదువుడు. దిక్కులను, సూర్యుని గమనమును తెలిసికొని ఏవేళ నెక్కడ నిలువవలెనో నిర్ణయించుకొనుడు. ముందు కంటితో చూచి, పిమ్మట యంత్రమునెత్తుడు. తక్కువ పటములు తీసి, ప్రతిదాని సంగతియు అదే దినమున వ్రాయుడు. చూడబోయినదానిని తాకి చెఱుపకుడు. మనుష్యుని పటము తీయుటకు ముందు అడుగుడు. వారు వలదన్న సంతోషముతో మానుకొనుడు. సరేయన్న పేరడిగి, వారు చెప్పినట్లే వ్రాయుడు.

యాత్రకు పోలేనివారికిని ఇందు పని కలదు. ఈ సెలవులలో ఇంటనున్న ఒక్క పాత పటమును క్రిందికి దింపి, అవ్వయొద్దనో తాతయొద్దనో కూర్చుండి, అందున్నవారి పేర్లను ఎడమనుండి కుడికి వరుసగా అడిగి ఒక కాగితముమీద వ్రాయుడు. ఊరి పేరును, జ్ఞాపకమున్నయెడల సంవత్సరమును చేర్చుడు. ఆ కాగితమును పటము వెనుక నుంచి మరల గోడకు తగిలింపుడు. ఇందుకు కెమెరాతోను, ప్రయాణపు ఖర్చుతోను పని లేదు. ఒక మధ్యాహ్నము చాలును.